అంచు చూడనిదే కుర్చీ దిగనివ్వని మనిషి

పేజీ వెడల్పు గురించి నేను రాసిన అర్జీలకు ఇంతవరకు ఒక్క జవాబు రాలేదు. మొదటిది తెలంగాణ రాకముందు రాశాను. వచ్చాక, ఆఫీసు మారింది, మనుషులు మారారు గదా అని మళ్ళీ రాశాను. ఒకసారి స్వయంగా హైదరాబాదు పోయి ఇచ్చాను. తీసుకున్న గుమాస్తా చదివి, "పేజీ వెడల్పుగా ఉందని కూడా కంప్లైంటేనా? కళ్ళజోడు మార్చుకోండి పెద్దాయనా" అని పక్క సీటు అతనికి చూపించి నవ్వాడు. ఆ నవ్విన ముఖం నాకు ఇంకా గుర్తుంది. ఎక్కడ కనిపించినా పోల్చగలను.

అందుకే ఈసారి అర్జీ రాయడం లేదు. ఒక మనిషి గురించి రాస్తున్నాను.

పోయిన నెల పింఛను కోసం, నేను బతికే ఉన్నానని నిరూపించుకోవడానికి జగిత్యాలలో ఒక ఆన్‌లైన్ సెంటరుకు పోయాను. అక్కడి అమ్మాయి నా వేలిముద్ర తీసుకుని, ఏదో నొక్కి, ఆగిపోయింది.

"అంకుల్, పేజీ మొత్తం అస్తలేదు. బటన్ కనబడ్తలేదు. రేపు రాండ్రి."

నేను లేచి ఆమె వెనక నిలబడ్డాను. కొత్త విండో తెర కంటే పెద్దదిగా తెరుచుకుంది. కుడివైపు భాగమంతా గోడలోకి పోయినట్టు తెగిపోయి ఉంది. ఇన్నేళ్ళయినా ఆ తెగిన అంచును చూస్తే నాకు భయమే.

"ఆల్ట్ పట్టుకొని స్పేస్ నొక్కు బిడ్డా. ఇప్పుడు ఎం అక్షరం నొక్కు. ఇప్పుడు ఎడమ బాణం. వత్తుకుంటనే ఉండు" అన్నాను.

విండో మెల్లగా ఎడమకు జరిగింది. కుడి అంచు బయటపడింది. దానితోపాటు బటనూ వచ్చింది.

"మీకెవలు నేర్పిండ్రు అంకుల్?"

బయటికి వచ్చి ఆటో ఎక్కాను. ఆ ఆటో ఎవరిదో తర్వాత చెప్తాను. నాకు ఆ విద్య నేర్పిన కోరుట్ల నెట్టాయన, అక్కడ ఇంటర్నెట్ సెంటరు నడిపినాయన, సిరిసిల్లలో చనిపోయాడని, పోయి చాలా రోజులైందని నాకు చెప్పింది ఆ ఆటో అతనే. అంతవరకు నాకు ఎవరూ చెప్పలేదు. సిరిసిల్లలో ఆయన చెల్లెలి ఇంట్లో నా ఫోన్ నంబరు ఉంది. అయినా చెప్పలేదు.

ఆయనకు అందరిలాగే ఒక పేరు ఉండేది. కానీ కోరుట్లలో నెట్టాయన అంటేనే తెలిసేది. బస్టాండు వెనక సందులో ఒక షటరు, లోపల చెక్క అరలు, ఒక్కో అరలో వెనక మూపురం ఉన్న పాత మానిటరు. వాటి గాజును ఆయన రోజూ పొద్దున తుడిచేవాడు. కుడివైపు మాత్రం తుడిచేవాడు కాదు. అక్కడ వేలిముద్రలు పడి పడి గాజు మసకబారి ఉండేది. ఎందుకో చెప్తాను.

సన్నటి మనిషి. ఎప్పుడూ మెడ ఒక పక్కకు వంచి వినేవాడు, ఎడమ చెవి సరిగా పనిచేయదు. వయసులో ఉన్నప్పుడు సిరిసిల్లలో సాంచలు నడిపాడు. మరమగ్గాలను అక్కడ సాంచలనే అంటారు. ఆ చప్పుడు ఆయన చెవిని తినేసింది. మగ్గం వదిలి కంప్యూటరు పట్టుకున్నాక కూడా ఆయన మాటలు మగ్గం మాటలే. బట్ట వెడల్పును పన్నా అంటారు గదా, ఆయన పేజీ వెడల్పును కూడా పన్నా అనే అనేవాడు.

"పేజీ పన్నా పెద్దగున్నది, మన డబ్బా పన్నా చిన్నగున్నది. గింతే కత" అనేవాడు.

ఆ రోజుల్లో ఏ అప్లికేషన్ పేజీ తెరిచినా ఇదే బాధ. పేజీ తయారు చేసినవాళ్ళ దగ్గర పెద్ద పెద్ద తెరలు ఉండి ఉంటాయి. వాళ్ళకు మొత్తం కనిపించేది. మాకు సగం కనిపించేది. అందులోనూ కొన్ని పేజీలు వేరే విండోలో తెరుచుకునేవి. దాన్ని పక్కకు జరపడానికి కింద పట్టీ ఉండదు, ఉన్నా అది కూడా తెర బయటే. కొందరు కంట్రోల్, మైనస్ నొక్కి అక్షరాలు చిన్నవి చేసేవాళ్ళు. ఆయన ఊరుకునేవాడు కాదు.

"ముడుసుకపోయిన బట్ట కొల్తకొస్తదా? అక్షరాలు చీమలైతయి. ఒక నంబరుకు ఇంకో నంబరు వెడ్తవు. వద్దు, జరుగు."

మనిషిని లేపి తాను కుర్చీలో కూర్చునేవాడు. ఆల్ట్, స్పేస్, ఎం, ఎడమ బాణం. బాణం నొక్కి పట్టినంతసేపు కళ్ళు మూసుకునేవాడు. తాడు పట్టి ఏదో గుంజుతున్నట్టు భుజం వెనక్కి పోయేది. అంచు వచ్చిందని మనం చెప్పాకే కళ్ళు తెరిచేవాడు.

పని అయ్యాక ఒక తతంగం ఉండేది. విండో కుడి అంచు ఎక్కడ ఉందో అక్కడ, గాజు మీద, కస్టమరు స్వయంగా వేలు పెట్టాలి. పెట్టి, "సూసిన" అని పైకి అనాలి. అంతవరకు కుర్చీ దిగనిచ్చేవాడు కాదు. గాజు మీది వేలిముద్రలు అవే. దుబాయి పోయే ఒకాయన ఒకసారి నేనుండగానే వెక్కిరించాడు.

"నేనేమన్న పట్టుచీరె కొంటున్ననానే, అంచు సూడనీకె?"

"చీరె నచ్చకుంటె మళ్ల ఇచ్చి రావచ్చు. గిది ఎవనికిస్తవ్? పెట్టు, వేలు పెట్టు."

ఆయన వేలు పెట్టాడు. అందరూ పెట్టేవాళ్ళు.

ఎందుకింత భయం అని నేనొకసారి అడిగాను. మొదటిసారి మాట దాటేసి గాజు తుడవసాగాడు, అది నాకు కోపం తెప్పించింది. ఇంకోసారి అడిగితే చెప్పాడు. సాంచ మీద ఉన్నప్పుడు ఎడమవైపు చూసుకుంటూ ఉన్నాడట. కుడి అంచులో పోగు తెగింది. చూడలేదు. బట్ట అట్లాగే నేసుకుంటూ పోయింది. సేటు ఆ బట్ట తానును తెచ్చి వాడకట్టు మొత్తం చూస్తుండగా రోడ్డు మీద పరిచి, ఆ అంచు మీద ఆయన్ని నడిపించాడు.

"ఎడమదిక్కు ఎవడన్న సూస్తడు సారూ. పానం కుడిదిక్కుంటది. సగం కనబడ్డ మాట నమ్మద్దు."

భయం ఆయనకు ఒక్క కుడివైపే కాదు. షటరు గట్టిగా మోగితే లేచి నిలబడేవాడు. పోలీసు జీపు సందులోకి వస్తే చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చునేవాడు. ఉద్యమం రోజుల్లో చౌరస్తాలో, తెలంగాణ కోసం ప్రాణం తీసుకున్న పిల్లల ఫొటోలతో ఫ్లెక్సీలు ఉండేవి. అటువైపు చూడకుండా తల దించుకుని దాటేవాడు.

"ఆ మొకాలు నేను సూడలేను సారూ. అందరు నా దగ్గర అప్లికేషన్ ఏసుకున్నోళ్ళ లెక్కనే కనబడ్తరు."

నన్ను మాత్రం అర్జీల సారు అనేవాడు. నలుగురిలో అనేవాడు. నేనప్పుడు బస్సు కండక్టర్ను. చిల్లర దగ్గర, సీటు దగ్గర అన్యాయం జరిగితే పై ఆఫీసుకు రాస్తాను, అంతే. అందులో నవ్వాల్సిందేముంది? ఆయన పోయాడు కాబట్టి ఆ మాట వదిలేస్తున్నానని అనుకోవద్దు. వదిలేయలేదు.

ఇక ఆ రోజు.

సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోలో ఉన్నాయి, నేను దీక్షా శిబిరం టెంటులో ఉన్నాను. నా బిడ్డ బీఈడీ సీటు కోసం కాలేజీల ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆ సాయంత్రం ఐదు గంటలకే ఆఖరు. అంతకుముందు ఒక రోజు కరెంటు లేదు, ఒక రోజు సైటు తెరుచుకోలేదు. గడువు పొడిగిస్తారని అందరూ అన్నారు. పొడిగించలేదు. ఆ రోజే కోరుట్ల బంద్.

మా నాయన పరుల పొలాల్లో కూలి చేశాడు. మా ఇంట్లో డిగ్రీ దాటి చదవబోయే మొదటి మనిషి నా బిడ్డ. బీడీలు చుడుతూ చదివింది. ఈ ఏడు తప్పితే మళ్ళీ బీడీల చాట ముందే కూర్చుంటుంది, ఆ పైన చదువు మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. అది నాకు తెలుసు, దానికీ తెలుసు.

నెట్టాయన సెంటరు వెనక తలుపు కొట్టాను.

"ఎవలు?"

"నేనే, కండక్టర్ను."

"పోండ్రి సారూ. బంద్ నాడు తెరిస్తె నా డబ్బాలు పలగ్గొడ్తరు. మీరు గూడ సమ్మెల ఉన్నోళ్ళే గదా, మీకు సమజ్ గాదా?"

"తెలంగాణ నాక్కూడ గావాలె. నా బిడ్డకు సీటు గూడ గావాలె. తియ్యి."

నా బిడ్డ తలుపు దగ్గరికి జరిగి, "కాకా, ఐదింటిదాకనే ఉన్నది" అన్నది. గొళ్ళెం తీసిన చప్పుడు వినిపించింది.

అది కాలేజీల పేర్ల పక్కన నంబర్లు పెట్టడం మొదలుపెట్టింది. ఆయన దాని కుడిపక్క నిలబడ్డాడు. అన్నీ పెట్టాక సేవ్ బటను కోసం విండోను జరపాలి. ఆయన కూర్చుని బాణం మీద వేలు పెట్టాడో లేదో, షటరు మీద కర్రలు పడ్డాయి.

"ఎవడ్రా లోపట? బంద్ అంటె ఇనబడ్తలేదారా?"

ఆయన ఉలిక్కిపడి బాణం మీది వేలు తీయడం మరిచాడు. విండో ఆగకుండా పోయి, కుడి అంచు కూడా ఎడమవైపున తెర దాటిపోయింది. కుడి బాణం నొక్కితే మళ్ళీ కుడివైపున దాటిపోయింది. షటరు మోగుతూనే ఉంది. నేను దానికి వీపు ఆనించి నిలబడ్డాను. ఒక్కో దెబ్బా నా వెన్నులోకి వస్తోంది.

"బిడ్డా, నాకు కండ్లు మసకలైతున్నయి. అంచు యాడున్నదో నువ్వే వేలు పెట్టి సూపెట్టు" అన్నాడు.

"ఇంక రాలే కాకా... ఇంక... ఆఁ, వస్తుంది... ఆగు, ఆగు! ఇగో!"

సేవ్ నొక్కింది. సేవ్ అయిన ఆప్షన్లు ఎన్నో చూపించే వరుస వచ్చింది. ఆ వరుస చివర, కుడి అంచున, దాని లెక్క సరిగ్గా ఉంది. గాజు మీద వేలు పెట్టి "సూసిన" అన్నది.

అప్పుడు షటరు లేచింది. మెడలో కండువాలు, చేతుల్లో జెండా కర్రలతో పిల్లలు లోపలికి వచ్చారు. ఆయన మానిటరుకు అడ్డంగా నిలబడి రెండు చేతులూ ఎత్తాడు. అందరికంటే ముందున్న పొడుగాటి పిల్లవాడు కర్ర ఎత్తి, తెర వైపు చూసి, అట్లాగే ఆగిపోయాడు.

"అన్నా, గిది బీఈడీ ఆప్షన్లదేనా? రేపటిదాక ఉన్నది గదనే?"

"ఇయాల్నే బిడ్డా. ఐదింటికే."

వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. "బంద్ జేపియ్యవొస్తివి, ఆప్షన్లు వెట్టవడ్తివా?" అన్నాడు ఒకడు.

"మీరు ముందలికి నడువుండ్రిరా. నేను గీ షటర్ మూపిచ్చి అస్త" అన్నాడు ఆ పొడుగాటి పిల్లవాడు. వాళ్ళు పోయాక తానే షటరు కిందికి గుంజాడు. నా వైపు తిరిగి, "ఏయ్ ముసలాయనా, జర జరుగు" అని కుర్చీలో కూర్చున్నాడు. అప్పటికి నా జుట్టు కూడా పూర్తిగా నెరవలేదు.

జగిత్యాల పక్కన బీర్పూర్ దిక్కు పిల్లవాడు. గబగబా నంబర్లు పెడుతున్నాడు, మధ్యమధ్య గోడ గడియారం చూస్తున్నాడు. అంతలో ఊరేగింపు సందులోకి మళ్ళింది. డప్పులు, నినాదాలు. షటరు కింద ఖాళీలోంచి మా వెలుగు బయటికి పడుతోంది. బంద్ చేయించేవాడు మూసిన షటరు వెనక కూర్చుని దొరికితే వాడి గతి ఏమిటి? సమ్మె టెంటులో ఉండాల్సిన నా గతి ఏమిటి?

"లైటు! లైటు బంద్ జెయ్యుండ్రి!" అన్నాడు నెట్టాయన, గుసగుసగా.

స్విచ్చుబోర్డు పక్కనే ఉన్న పిల్లవాడు చెయ్యి చాచి మెయిన్ స్విచ్చును కిందికి కొట్టాడు. లైటు పోయింది, ఫ్యాను పోయింది. కంప్యూటరు గురగుర కూడా ఆగిపోయింది. తాను ఏం చేశాడో వాడికి అప్పుడు తెలిసింది. తలకు చేతులు పెట్టుకున్నాడు. షటరు కింద కాళ్ళు, కాళ్ళు, కాళ్ళు. బయట "జై తెలంగాణ" అన్నప్పుడల్లా చీకట్లో వాడి పెదవులు కూడా కదిలాయి.

కాళ్ళు దాటిపోయాక స్విచ్చు వేశారు. ఆ పాత కంప్యూటరు లేవడానికి ఎంతసేపు పట్టేదో ఆ రోజుల్లో వాటి ముందు కూర్చున్నవాళ్ళకు తెలుసు. లేచింది. పిల్లవాడు తన పాస్‌వర్డ్ కొట్టాడు. విండో మళ్ళీ తెర దాటి తెరుచుకుంది. పైన వరుసలో 'సేవ్ అయిన ఆప్షన్లు' అన్నంతవరకే కనిపించింది, ఎన్నో చెప్పే అంకె తెర బయటే ఉంది.

"అయినయి! సేవయినయే అన్నా!" వాడు కుర్చీలోంచి ఎగిరాడు. షటరును మోకాలెత్తు లేపి కిందినుంచి దూరి పోయాడు.

"ఆగు బిడ్డా, అంచు! అంచు సూడలే!"

వాడు ఊరేగింపులో కలిసిపోయాడు. నెట్టాయన కుర్చీలో కూర్చుని బాణం నొక్కాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. విండో జరిగింది. వరుస చివర, కుడి అంచున, సున్నా ఉంది.

ఆయన దాని మీద వేలు పెట్టాడు.

ఐదు కావడానికి ఇంకా కొంచెం టైముంది. పిల్లవాడు తిరిగి వస్తే మళ్ళీ పెట్టుకోవచ్చు. వాడి నంబర్లు ఏవో మాకు తెలియవు. వాడే రావాలి. షటరు ముందు నలుగురు గట్టిగా మాట్లాడుకుంటే లోపలికి పోయే మనిషి, జీపు చూస్తే చేతులు దాచుకునే మనిషి, ఆ షటరు కిందినుంచి దూరి వీధిలోకి పరుగెత్తాడు. నేను తల బయటపెట్టి చూశాను. జెండాల మధ్య ఆయన వెలిసిపోయిన అంగీ కనిపిస్తోంది, మాయమవుతోంది. "ఓ బిడ్డా! సున్న ఉన్నది! సున్న!" అని అరుస్తున్నాడు. అది కొత్త నినాదమనుకుని ఎవరో నవ్వారు. చౌరస్తా దగ్గర పోలీసులు లాఠీలు ఎత్తారు. జనం వెనక్కి విరుచుకుపడింది. నేను బిడ్డను లోపలికి గుంజి షటరు దించాను.

ఆయన వెనక తలుపునుంచి తిరిగి వచ్చేసరికి ఒక కాలికి చెప్పు లేదు. తెర మీద సమయం ముగిసిందని వచ్చి ఉంది. అది చదివి, రోజూ నిలబడే చోటనే, మానిటరుకు కుడిపక్క, నేల మీద కూర్చుండిపోయాడు. "ఆ పిలగాడు సంబురంగ పోయిండు సారూ. సీట్లు ఇచ్చిననాడు సూసుకుంటడు" అన్నాడు. ఏమనుకుంటున్నాడో నాకు తెలుసు. చౌరస్తాలో ప్రాణం తీసుకున్న పిల్లల ఫ్లెక్సీలు ఉన్నాయి గదా.

మర్నాడు షటరు తెరవలేదు. ఆ పైన కూడా తెరవలేదు. సిరిసిల్లలో చెల్లెలి ఇంటికి పోయాడన్నారు.

నా బిడ్డకు కరీంనగర్లో సీటు వచ్చింది. మిఠాయి డబ్బా పట్టుకుని సిరిసిల్ల పోయాను. సందంతా సాంచల మోత. ఆయన గుమ్మం వెనక కూర్చుని నూలు కండెలు చుడుతున్నాడు. లేచి తలుపును చేతి వెడల్పు తెరిచాడు.

"ఆ పిలగాడు ఉన్నడా?"

"నా బిడ్డకు సీటొచ్చింది."

"మంచిది. ఆ పిలగాడు ఉన్నడా?"

"నాకేమెరుక?"

తలుపు మూసుకుంది. డబ్బా నా చేతిలోనే ఉండిపోయింది. అంత దూరం పోయినవాణ్ని లోపలికి రమ్మనలేదు, మంచినీళ్ళు అడగలేదు. అది నేను మరచిపోలేదు. కానీ తిరుగు బస్సులో నాకూ భయం పట్టుకుంది. ఆ పిల్లవాడు బతికి ఉన్నాడా? అప్పటినుంచి ఏ చౌరస్తాలో ఫ్లెక్సీ చూసినా ఆ పొడుగాటి ముఖం కోసం వెతికేవాణ్ని. దొరకకూడదని వెతికేవాణ్ని.

తెలంగాణ వచ్చిన కొత్తలో దొరికాడు. జగిత్యాల బస్టాండు ముందు ఆటోలో, హ్యాండిలు మీద కాళ్ళు పెట్టుకుని. నేను రెక్క పట్టుకుంటే ఉలిక్కిపడ్డాడు. జరిగింది చెప్పాను.

"నేను సచ్చిననుకుంటుండా? గా ముచ్చటకా?" అని పెద్దగా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "బిత్తరపోయిన కాకా గానాడు. అవద్ధం అనను. బాయి గట్టుదాక పోయి గూసున్న. మా అవ్వ అచ్చి తోల్కపోయింది" అన్నాడు.

అక్కడినుంచే సిరిసిల్లకు ఫోన్ చేసి నెట్టాయనను పిలిపించాను. "ఉన్నడు, ఆటో నడుపుతుండు" అన్నాను. అవతల సాంచల మోత.

"మాట గాదు సారూ. మనిషిని సూపెట్టు."

పొమ్మని పిల్లవాడికి చెప్పాను. ఇయ్యాల పోత, రేపు పోత అన్నాడు. కనిపించినప్పుడల్లా అడిగాను. అర్జీలకు జవాబు ఇవ్వనివాళ్ళు ఎట్లా మాట్లాడతారో అట్లాగే మాట్లాడాడు.

పోయిన నెల నేనెక్కిన ఆటో అతనిదే. ఆయన పోయిన సంగతి చెప్పి, ఆ వెంటనే ఇంకో మాట చెప్పాడు.

"నేను సిరిసిల్లకు పోయిన కాకా. ఆయన సచ్చిపోయేటందుకు ముందు ఒక్కసారి పోయిన."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు తిడ్తవని."

"ఏమన్నడు?"

"ఏమనలే. తలుపు గింత తీసిండు. నా దిక్కు సూసిండు. నేను, గా బంద్ నాడు అచ్చినోన్ని అన్న. వేలు బయటికి పెట్టిండు, నా బుజం మీద ఆనిచ్చిండు. మళ్ల తలుపేసుకున్నడు. లోపట ఏడ్సినట్టే ఇనబడ్డది. నవ్విండో ఏమో మరి, సాంచల మోతల నాకు సక్కగ ఇనబడలే."

ఆటో కోరుట్ల వైపు పోతూ ఉంటే నేను అదే అడుగుతూ వచ్చాను. "సూసిన" అన్నాడా? ఆ మాట అన్నాడా? అతను "ఎరుక లేదు కాకా" అంటూ వచ్చాడు. నాకు అందింది సగమే. మిగతా సగం ఆ తలుపు వెనక ఉండిపోయింది. సగం కనబడ్డ మాట నమ్మవద్దని చెప్పిన మనిషి గురించి నాకు సగమే మిగిలింది. దాన్ని జరిపి చూసే బాణం ఏ కీబోర్డు మీదా లేదు.

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ పేజీని తయారు చేసినవాళ్ళను, దాన్ని చూసి సరే అన్నవాళ్ళను, నా అర్జీలు ముట్టినవాళ్ళను. ఊళ్ళో అందరికంటే పిరికి మనిషి ఒక్క సున్నా సంగతి చెప్పడానికి లాఠీల మధ్యకు పరుగెత్తాడు. మీరు కుర్చీలోంచి లేవనక్కర లేదు. ఒక్క దానికి జవాబు చెప్పండి. ఆ పేజీని మా మీదికి వదిలే ముందు, మా దగ్గరున్నటువంటి చిన్న తెర ముందు మీలో ఒక్కరైనా కూర్చుని, కుడి అంచు మీద వేలు పెట్టి చూశారా? చూశారో, లేదో, చెప్పండి.